అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బతుకమ్మ: పూలు తెచ్చే రోజు నుంచి సద్దుల మర్నాటి దాకా

పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్య, ఇంకా నాలుగు రోజులుందనగా మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద రెండో అంతస్తు కొత్త కోడలు నన్ను ఆపింది. "ఆంటీ, బతుకమ్మ ఎట్ల పేర్చాలో ఒకసారి చూపిస్తారా? ఊళ్లో మా అమ్మ పేర్చేది. నేను పక్కన కూర్చొని పూలు అందించేదాన్ని, అంతే" అంది. ఆ అమ్మాయిలాంటి వాళ్లు హైదరాబాద్‌లో ప్రతి కాలనీలోనూ ఉన్నారు. పాట వినగానే చప్పట్లు కొట్టడం వస్తుంది, తాంబాలం ముందు కూర్చుంటే మాత్రం చేయి ఆడదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్నవన్నీ మా అమ్మ చేతుల్లో చూసినవి, తర్వాత సిటీకి వచ్చి ఇరుగుపొరుగుతో కలిసి చేస్తూ నేర్చుకున్నవి.

ముందు తలుపులు తట్టండి

పూలకంటే ముందు మనుషుల్ని పోగు చేయాలి. ఒక్కరే పేర్చి ఒక్కరే ఆడేది కాదు బతుకమ్మ. పెత్రమాసకు వారం ముందే ఒక సాయంత్రం ఇంకొకరిని వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే నలుగురు బొటనవేలు చూపించి ఊరుకుంటారు. గుమ్మం ముందు నిలబడి "అక్కా, ఈసారి మీరు కూడా రావాలి" అంటే రాకుండా ఉండడం కష్టం.

పిలిచేటప్పుడు ఎవరినీ వదలొద్దు. గుంటూరు నుంచో, బీహార్ నుంచో వచ్చి అద్దెకు ఉంటున్నవాళ్లకు ఈ పండుగ తెలియకపోవచ్చు. మొదటి రోజు ఊరికే చూడ్డానికి రమ్మనండి, మూడో రోజుకు వాళ్లే వలయంలో ఉంటారు. వాచ్‌మన్ భార్యను కూడా పిలవండి. పల్లె నుంచి వచ్చిన మనిషైతే మనకు రాని పాటలు ఆమెకు వచ్చి ఉంటాయి. భర్త పోయినవాళ్లను పిలవాలా వద్దా అని కొందరు గుసగుసలాడతారు. తప్పకుండా పిలవండి. పూలను పూజించే చోట ఒక ఆడమనిషి గోడ పక్కన నిలబడి చూడాల్సిన పరిస్థితి రాకూడదని నేను గట్టిగా నమ్ముతాను. మా దగ్గర మూడేళ్లుగా పాట ఎత్తుకునేది అలాంటి ఒక పెద్దమ్మే.

ఆ సాయంత్రమే రెండు విషయాలు తేల్చుకోండి. మొదటిది, చివరగా చేసే సద్దుల బతుకమ్మ ఏ రోజు. మొదటి రోజైన ఎంగిలిపూల నుంచి లెక్కేసి తొమ్మిదో రోజున, దుర్గాష్టమి నాడు చేయడం ఎక్కువ చోట్ల వాడుక. వేములవాడ వైపు వాళ్లు ఏడో రోజునే సద్దులు చేస్తారు. కొన్నేళ్లు తిథి రెండు రోజుల మీద పడుతుంది, అప్పుడు సగం మంది ఒక రోజు, సగం మంది మర్నాడు అంటారు. ముందే ఒక మాట అనుకుంటే ఆ తగువు ఉండదు. రెండోది, తొమ్మిది రోజులూ ఆడతారా, మొదటి రోజు, చివరి రోజేనా అన్నది. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా ఉంటే ఎంగిలిపూలు, సద్దులు, మధ్యలో వచ్చే ఆదివారం చాలు. మిగతా రోజులు ఎవరింట్లో వాళ్లు గుప్పెడు పూలతో చిన్నది పేర్చి దేవుడి ముందు పెట్టుకోవచ్చు.

పూలు ఎప్పుడు తేవాలి, ఎలా దాచాలి

మొదటి రోజు బతుకమ్మను ఎంగిలిపూల బతుకమ్మ అంటారు. ముందురోజే పూలు కోసి తెచ్చి నీళ్లలో వేసి మర్నాడు పేరుస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందని మా అమ్మ చెప్పేది. సిటీలో మనకు అదే కలిసొచ్చే పద్ధతి. అమావాస్య ముందు రోజు సాయంత్రం తెచ్చుకోండి. పండుగ రోజు పొద్దున మార్కెట్‌కు వెళితే ధర రెండింతలు చెబుతారు, మిగిలినవి కూడా వాడిపోయినవే ఉంటాయి. పెద్ద మొత్తంలో కావాలంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు నలుగురు కలిసి ఒక ఆటోలో వెళ్లండి. గునుగు, తంగేడు మాత్రం రోడ్డు పక్కన కుప్ప పోసుకొని కూర్చునే పల్లె ఆడవాళ్ల దగ్గరే కొనండి. చేల గట్ల వెంట తిరిగి కోసుకొచ్చిన పూలవి. వాళ్లతో ఎక్కువ బేరమాడొద్దని నా విన్నపం.

అడుగున్నర వెడల్పు తాంబాలంలో అడుగు ఎత్తు బతుకమ్మకు మా ఇంట్లో పట్టేది ఇంత: ఒడి నిండా గునుగు, అందులో సగం తంగేడు, రెండు కిలోల బంతి, అరకిలో చామంతి, నాలుగైదు సీతజడ పూలు, పైన పెట్టడానికి ఒక గుమ్మడి పువ్వు. కట్ల పూలు, గడ్డి పూలు, రుద్రాక్ష పూలు దొరికితే అదృష్టమే. మొదటిసారి పేర్చేవాళ్లు జానెడు ఎత్తుతో ఆగండి. ఎత్తు కోసం పోటీ పడాల్సిన పని లేదు.

ఒక్కో పువ్వు తీరు ఒక్కోలా ఉంటుంది. గునుగు మొండిది, రెండు రోజులైనా వాడదు, కాడలు నీళ్లలో ఉంచితే చాలు. తంగేడు అలా కాదు, రేకులు తొందరగా రాలతాయి. తడి గుడ్డలో చుట్టి నీడలో పెట్టండి, పేర్చేటప్పుడు మాత్రమే విప్పండి. మన తెలంగాణ రాష్ట్ర పుష్పమని చెప్పుకుంటూ కొమ్మలకు కొమ్మలు విరిచెయ్యడం చూస్తే నాకు బాధేస్తుంది, పూల గుత్తి వరకు గిల్లితే చాలు. బంతిపూలను కడగొద్దు, తడి లోపలికి పోతే తెల్లారేసరికి కుళ్లు వాసన వస్తుంది. పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాన్ గాలికి ఉంచండి.

గుమ్మడి పువ్వు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అది తెల్లవారుజామున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. అందుకే పొద్దున్నే కోసి, తడి గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. పాదులో కోసేటప్పుడు కాడ చూడండి. సన్నగా పొడుగ్గా కాడ ఉంటే అది మగ పువ్వు, కోయొచ్చు. పువ్వు కింద చిన్న గుండ్రటి పిందె ఉంటే ముట్టుకోవద్దు, అది రేపటి గుమ్మడికాయ.

విదేశాల్లో ఉన్నవాళ్లు గునుగు దొరకదని దిగులు పడతారు. అక్కడి తోటపని దుకాణాల్లో సెలోషియా అని అమ్మేది మన గునుగు, సీతజడల కుటుంబమే. దానికి చామంతులు తోడు చేసుకుంటే సరిపోతుంది.

గునుగుకు రంగు వేయడం

ఈ పని పిల్లలకు ఇవ్వండి. గునుగును పదిహేను, ఇరవై పూల చొప్పున తలలు సమానంగా పట్టుకొని, మెడ దగ్గర దారంతో చుట్టి కట్టలు చేయాలి. కాడలు రెండు అంగుళాలు ఉంచి మిగతాది కత్తిరించండి. కత్తిరించిన ముక్కలు పారేయొద్దు, తర్వాత వాటితో పని ఉంది. వెడల్పు గిన్నెలో రంగు నీళ్లు కలిపి, కట్టను తలకిందులుగా పట్టి సగం దాకా ముంచి, విదిలించి, పాత పేపర్ మీద ఆరబెట్టండి. గులాబి, ఆకుపచ్చ, నీలం, ఈ మూడు చాలు. కొన్ని కట్టలు తెల్లగానే వదిలేయండి, తెలుపు పక్కన ఉంటేనే రంగు తేలుతుంది. వంటల్లో వాడే రంగులే తీసుకోండి. చివరికి ఈ పూలు కలిసేది నీళ్లలోనే, అక్కడ చేపలుంటాయి. కనీసం మూడు గంటలు ఆరనివ్వకపోతే మీ చీర కొంగుకు అంటుకుంటుంది.

రంగులో ముంచే ముందు బాగా ముదిరిన తెల్ల గునుగు పూలు ఒక పది తీసి పక్కన పెట్టండి. ఎందుకో చివర చెబుతాను.

ఇక పేర్చడం

బతుకమ్మను కట్టడం, చేయడం అనరు, పేర్చడం అంటారు. పనంతా ఆ మాటలోనే ఉంది, పువ్వు మీద పువ్వు ఆనుకొని నిలబడాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి రెండు గంటలు కేటాయించుకోండి. ఒకరు పేరుస్తుంటే ఇద్దరు పూలు అందించాలి. కింద చాప వేసుకొని కూర్చోండి, టేబుల్ మీద వద్దు. తాంబాలాన్ని నాలుగు వైపులా తిప్పుకుంటూ చూడగలగాలి.

అంచు కొంచెం లేచిన ఇత్తడి తాంబాలం మంచిది. పాత ఇళ్లలో వెదురు సిబ్బి ఉంటే అదింకా మేలు. సన్నని పురికొస ముక్కలు రెండు తీసుకొని తాంబాలంలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పరచండి, నాలుగు కొసలూ బయటికి బాగా వేలాడాలి. దాని మీద గుమ్మడి ఆకులు, లేదా ఆముదం ఆకులు పరవండి. రెండూ దొరక్కపోతే మోదుగాకు విస్తరి చాలు. ఆకుల మీద చిటికెడు పసుపు, కుంకుమ వేసి మొదలుపెట్టండి.

మొదటి వరుస తంగేడు. గుత్తులను తలలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా అంచు వెంట గుండ్రంగా పేర్చాలి. గుత్తికి గుత్తికి మధ్య సందు కనబడకూడదు. వలయం పూర్తయ్యాక మధ్యలో గుంటలా ఉంటుంది. ఇందాక పక్కన పెట్టిన గునుగు కాడల ముక్కలు, తంగేడు ఆకు కలిపి ఆ గుంటలో నింపి, అరచేత్తో గట్టిగా అదమండి. అంచు ఎంత ఎత్తుంటే మధ్య కూడా అంతే ఎత్తుండాలి. బతుకమ్మ నిలబడేదీ పడిపోయేదీ ఈ మధ్య నింపుడు మీదే. బయటి పూలు అందంగా ఉంటే సరిపోతుందని మధ్యలో వదులుగా వదిలేస్తే నాలుగో వరుసకే ఒక పక్కకు ఒరుగుతుంది. మొదటి ఏడాది మా ఫ్లాట్‌లో పేర్చిన బతుకమ్మ మెట్లు దిగుతుండగా నడుము దగ్గర విరిగింది. మా పాప వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు నుంచి ప్రతి వరుసకూ అదిమి చూడనిదే పైకి వెళ్లను.

రెండో వరుస రంగు గునుగు కట్టలు, మూడోది బంతి, నాలుగోది తెల్ల గునుగు, ఆ పైన సీతజడ, చామంతి. ఈ క్రమం శాసనమేమీ కాదు, మీ కంటికి ఏది బాగుంటే అది. పాటించాల్సినవి రెండే. బరువైన పూలు కింద, తేలికవి పైన. ప్రతి వరుసా కింది వరుసకంటే ఒక వేలెడు లోపలికి జరగాలి. మార్కెట్లో కొన్న బంతిపూలకు కాడలుండవు కాబట్టి వాటిని ముందే దండలా గుచ్చి చుట్టూ తిప్పితే జారవు. రెండు వరుసలకోసారి లేచి నిలబడి, నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. కూర్చున్నప్పుడు కనబడని వంకర దూరం నుంచి తెలుస్తుంది.

గోపురంలా సన్నబడి, పైన అరచేయంత వెడల్పు మిగిలినప్పుడు ఆగండి. కింద వేలాడుతున్న నాలుగు పురికొసలను పూల సందుల్లోంచి పైకి లాగి ముడి వేయండి. మరీ బిగిస్తే పూలు కోసుకుపోతాయి, కదలకుండా ఉంటే చాలు. ముడి కనబడకుండా దాని మీద గుమ్మడి పువ్వు పెట్టండి. పసుపును కొన్ని నీళ్లతో ముద్ద చేసి, చిన్న గోపురంలా ఒత్తి, కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకులో ఉంచి ఆ పువ్వు మీద నిలపండి. ఆ పసుపు ముద్దే గౌరమ్మ.

తల్లి బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మ కూడా ఉండాలి. మిగిలిన పూలతో చిన్న పళ్లెంలో దాన్ని మీ పిల్లల చేతే పేర్పించండి. వంకరగా వచ్చినా సరిచేయకండి.

థర్మకోల్ గోపురం మీద పూలు అతికించినవి, ప్లాస్టిక్ పూలవి ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. వాటిని తేవద్దు. సమయం లేకపోతే గుప్పెడు తంగేడు, గుప్పెడు గునుగు చిన్న పళ్లెంలో పేర్చి తీసుకురండి, ఎవ్వరూ తక్కువగా చూడరు.

రోజుకో నైవేద్యం

ఎంగిలిపూల నాడు నువ్వులు, బియ్యప్పిండి, బెల్లం. రెండో రోజు అటుకులు, బెల్లం, చప్పిడి పప్పు. మూడో రోజు ముద్దపప్పు, నాలుగో రోజు నానబెట్టిన బియ్యంలో పాలు, బెల్లం. అయిదో రోజు అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, నైవేద్యమూ ఉండదు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో రోజు వెన్న, నువ్వులు, బెల్లం కలిపిన ముద్దలు. ఇవన్నీ అరగంటలో అయ్యేవే. ఇల్లిల్లూ వంతులు వేసుకోండి. ఆరో రోజును పూర్తిగా విశ్రాంతికి వదిలేయండి, చివరి రోజు పని చాలా ఉంటుంది.

చివరి రోజు సద్దులు, అంటే కలిపిన అన్నాలు, అయిదు రకాలు చేయాలి: పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు. అయిదూ ఒక్క ఇంట్లో చేయాలనుకుంటే టెన్షన్ తప్ప ఆనందం ఉండదు. అయిదు ఇళ్లకు ఒక్కోటి ఇవ్వండి. పేర్లు కాగితం మీద రాసి లిఫ్ట్ పక్కన అంటించండి, లేకపోతే మూడు ఇళ్ల నుంచి నిమ్మకాయ అన్నమే వస్తుంది. పాతికమంది ఆడవాళ్లు, పిల్లలు ఉంటే ఒక్కో రకానికి కిలో బియ్యం సరిపోతుంది, ఎందుకంటే అందరూ అయిదూ కొంచెం కొంచెమే పెట్టుకుంటారు. అన్నం పొడిగా వండి, పళ్లెంలో ఆరబోసి, చల్లారాకే కలపండి. నువ్వుల సద్దికి నువ్వులు చిటపటలాడే దాకా దోరగా వేయించి, ఎండుమిర్చి, ఉప్పుతో బరకగా పొడి చేసి అన్నంలో కలిపి పోపు పెట్టాలి. నువ్వులు నల్లబడితే చేదొస్తుంది, మంట తగ్గించే వేయించండి. పెరుగన్నం అన్నిటికంటే చివర, బయల్దేరే ముందు కలపండి, పొద్దున కలిపితే సాయంత్రానికి పులుస్తుంది.

మలీదకు రొట్టెలు వేడి మీదే చిదిమి, తురిమిన బెల్లం, నెయ్యి వేసి ముద్దలు చుట్టాలి. చల్లారితే ముద్ద కట్టదు. పల్లీలు వేయించి పొట్టు తీసి, చక్కెరతో కలిపి పొడి చేస్తే సత్తు. పిల్లలు గుప్పిళ్లతో తినేది ఇదే, కొంచెం ఎక్కువ చేయండి.

సెల్లార్‌లో ఆట

బతుకమ్మ రోజుల్లో సాయంత్రం వాన పడడం మామూలే. నైరుతి వెనక్కి మళ్లే వేళ, ఎండ కాస్తూనే అరగంటలో మబ్బేస్తుంది. అందుకే టెర్రస్ మీద పెట్టుకోవద్దు. సద్దుల రోజు సాయంత్రం నాలుగు గంటలకల్లా కార్లు, బైకులు వీధిలోకి తీయమని ముందురోజే మగవాళ్లకు చెప్పండి. సెల్లార్ కడిగి, ఆయిల్ మరకల మీద రంపపు పొట్టు చల్లి ఊడవండి, లేకపోతే చెప్పుల్లేకుండా ఆడేటప్పుడు కాళ్లు జారతాయి. మధ్యలో ముగ్గు వేసి, బతుకమ్మలన్నీ అక్కడ పెట్టండి. చుట్టూ మూడు అడుగుల ఖాళీ వదలండి. పూలలో అగరుబత్తులు గుచ్చకండి. ఎండిన గునుగు తొందరగా అంటుకుంటుంది, పట్టు చీరలు, గాగ్రాలు పక్కనే తిరుగుతుంటాయి. అరటిపండుకు గుచ్చి ఒక మూల పెడితే సరిపోతుంది.

డీజే పెట్టాలని పిల్లలు అడుగుతారు. చివరి పావుగంట వాళ్లకు ఇవ్వండి. అంతకుముందు మాత్రం నోటితోనే పాడండి. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అనో, చందమామ అనో, కోల్ అనో అందుకోవడమే కదా పాట. పాటంతా రావాల్సిన పని లేదు, ఆ ఒక్క మాట వస్తే చాలు, కొత్తవాళ్లు కూడా కలిసిపోతారు. వయసులో పెద్దవాళ్లకు గొంతు అలసిపోకుండా ఒక చిన్న మైక్ ఇవ్వండి. వాళ్ల పాటలు ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. మా అమ్మ పాడినవాటిలో సగం నేను రాసుకోలేదు. ఇప్పుడు ఎవరిని అడిగినా దొరకడం లేదు.

అడుగులు కష్టమేమీ కాదు. అందరూ ఒకే వైపు తిరగాలి. ఒక అడుగు పక్కకు, కొంచెం వంగి చప్పట్టు, లేచి ఇంకో అడుగు, మళ్లీ చప్పట్టు. మొదట నెమ్మదిగా మొదలుపెట్టండి, పదిహేను నిమిషాలకు వలయమే వేగం అందుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వలయం లోపల కుర్చీలు వేయండి. బయట గోడకు ఆనించి వేస్తే వాళ్లు ప్రేక్షకులైపోతారు. లోపల కూర్చుంటే చప్పట్లు వాళ్లవీ కలుస్తాయి. రాత్రి పదికి మైక్ ఆపేయండి.

సాగనంపడం

చెరువు దగ్గరుంటే, కార్పొరేషన్ వాళ్లు కట్టించిన కుంట ఉంటే అక్కడికి వెళ్లండి. బయల్దేరే ముందు లిఫ్ట్ తలుపు ఎత్తు, కారు డిక్కీ ఎత్తు చూసుకోండి. కారులో అయితే ఒకరు వెనక సీట్లో కూర్చొని ఒడిలో పెట్టుకోవాలి. నీళ్ల దగ్గర మెట్లు పాచి పట్టి ఉంటాయి. పిల్లల్ని పై మెట్టు మీదే ఆపి, ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే దిగండి. ముందుగా గౌరమ్మను తీసి దాచుకోండి, ఆ పసుపును తర్వాత అందరూ పంచుకొని రాసుకుంటారు. ప్లాస్టిక్ కవర్లు నీళ్లలోకి పోకుండా చూడండి.

వెళ్లే వీలు లేకపోతే సెల్లార్‌లోనే పెద్ద టబ్‌లో నీళ్లు నింపి, పసుపు కలిపి, అందులో వదలండి. అది తక్కువదేమీ కాదు. తర్వాత ఖాళీ తాంబాలంలో సద్దులు పెట్టి, "ఇస్తినమ్మ వాయినం" అంటే అవతలివాళ్లు "పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ కొంగులో అందుకుంటారు. మా దగ్గర అద్దెకుంటున్న బీహార్ అమ్మాయి ఒకరు ఈ మాట పలకడానికి రెండు రోజులు సాధన చేసింది.

మర్నాడు పొద్దున

టబ్‌లో పూలు నీళ్లు వార్చి, పురికొసలు తీసేసి, ఎండుటాకులతో కలిపి ఒక గోనెసంచిలో నింపండి. అప్పుడప్పుడు కలుపుతూ తడి ఆరకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో కుండీలకు ఎరువవుతుంది.

ఇందాక పక్కన పెట్టమన్న తెల్ల గునుగు పూలు గుర్తున్నాయి కదా. వాటిని వారం రోజులు నీడలో ఎండబెట్టి, తెల్లకాగితం మీద తలకిందులుగా దులపండి. పువ్వు కింది భాగం నుంచి ఆవాలకంటే చిన్నవి, నల్లగా మెరిసే గింజలు రాలతాయి. కాగితం పొట్లంలో కట్టి, మీద గునుగు అని రాసి, పప్పుల డబ్బాల పక్కన పెట్టుకోండి. మృగశిర కార్తెలో మొదటి వానలు పడ్డాక వెడల్పు కుండీలో పైపైన చల్లి, కొంచెం మట్టి కప్పండి. ఎండ బాగా తగిలే చోట పెడితే వేరే సేవ అక్కర్లేదు. మొన్న భాద్రపదంలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పదకొండు కుండీల్లో గునుగు పూసింది. అందులో నాలుగు కుండీలు రెండో అంతస్తు కొత్త కోడలివి.